పట్టూ నూలూ పదికాలాలు: పడమటి కర్నూలు ఇళ్లలో సున్నిత వస్త్రాల సంరక్షణ

తుంగభద్రకు దక్షిణాన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో వస్త్రానికీ జనజీవితానికీ నేల నుంచి మగ్గం వరకు విడదీయరాని సంబంధం ఉంది. నల్లరేగడి పొలాల్లో పండిన పత్తి ఆదోని మార్కెట్టుకు చేరి, జిన్నింగు మిల్లుల్లో గింజ వేరై, బేళ్లుగా మారి దూరప్రాంతాలకు తరలిపోతుంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం వేలాది మగ్గాలకు నూలు, పని, మార్కెట్టు కల్పించి, ఆ ఊరి పంచెలకు, తువ్వాళ్లకు, దుప్పట్లకు, నూలు చీరలకు రాష్ట్రం దాటిన పేరు తెచ్చింది. ఆ సేవకు గుర్తింపుగా సోమప్ప పద్మశ్రీ గౌరవం కూడా అందుకున్నారు.

బట్టను పుట్టించే విద్య ఇంతగా వేళ్లూనిన ఈ ప్రాంతంలో, మగ్గం దిగిన బట్టను ఇంట్లో కాపాడుకునే విద్య మాత్రం తరం తరానికీ పలచబడుతున్నది. పెళ్లిలో పెట్టిన పట్టుచీర రెండో ఉతుకుకే వెలిసిపోయినా, జరీ నల్లబడినా, చీర అంచు ముడుచుకుపోయినా, శాలువా కుంచించుకుపోయినా చాలామంది నేతనో, అంగడినో, సబ్బునో తప్పుపడతారు. ఈ నష్టాల్లో అధికభాగానికి మూలం రెండు విషయాలు తెలియకపోవడం: ఒకటి వస్త్రంలోని పోగు స్వభావం, రెండవది దానిని తడిపే నీటి స్వభావం. ఈ రెండింటినీ ఎరిగి ఉతికినప్పుడు ఖరీదైన మందులేవీ లేకుండానే పట్టూ, సన్ననూలూ, ఉన్నీ దశాబ్దాలపాటు నిలుస్తాయి.

పోగును బట్టి ఉతుకు

ఒక వస్త్రం సున్నితమైనదా కాదా అన్నది దాని ధరను బట్టి గాక, దానిలోని పోగు, నేత, రంగు, అలంకారం అనే నాలుగింటిని బట్టి నిర్ణయమవుతుంది. పోగుల్లో నూలు సెల్యులోజ్ అనే వృక్షసంబంధమైన పదార్థంతో ఏర్పడినది; అది తడిసినప్పుడు బలం తగ్గదు సరికదా కొంత పెరుగుతుంది, క్షారాన్ని అంటే సోడా వంటి ఘాటైన పదార్థాన్ని బాగా తట్టుకుంటుంది. అందువల్లనే నూలు పంచెను బండమీద బాదినా, సోడా నీళ్లలో ఉడికించినా అది చాలాకాలం నిలుస్తుంది. పట్టు, ఉన్ని జంతుసంబంధమైన మాంసకృత్తులతో, అంటే ప్రొటీన్లతో, ఏర్పడినవి కాబట్టి వాటి గుణం ఇందుకు పూర్తిగా భిన్నం: తడిసినప్పుడు అవి బలహీనపడతాయి, క్షారం తగిలితే మెరుపు కోల్పోతాయి, క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ ద్రావణం తగిలితే పసుపుపచ్చబడి క్రమంగా కరిగిపోతాయి. కట్టెగుజ్జు నుంచి తయారయ్యే విస్కోస్ రేయాన్ చూపుకు పట్టులా మెరిసినా, తడిసినప్పుడు దాదాపు సగం బలాన్ని కోల్పోతుంది. తడి రేయాన్ చీరను మెలిపెట్టి పిండితే చిరగడానికి కారణం ఇదే.

పట్టుపురుగు తన గూడు కట్టుకొనేటప్పుడు ఫైబ్రాయిన్ అనే గట్టి దారాన్ని సెరిసిన్ అనే జిగురుతో కలిపి వదులుతుంది. ముడిపట్టులో నాలుగింట ఒక వంతు వరకు ఉండే ఈ జిగురును నేతకు ముందు సబ్బునీటిలో ఉడికించి తీసివేస్తారు. అప్పుడు బయటపడే ఫైబ్రాయిన్ దారం ముక్కోణపు ఆకారంలో ఉండి వెలుతురును పలువైపులకు ప్రతిఫలించడం వల్ల పట్టుకు దాని ప్రత్యేకమైన మెరుపు వస్తుంది. ఉతుకులో గరుకు రాపిడి జరిగితే ఈ దారం పైపొర చీలి సన్నని నూగు లేస్తుంది, ఆ చోట రంగు వెలిసినట్లు తెల్లగా కనిపిస్తుంది. బ్రష్షుతో రుద్దిన పట్టుచీర మీద కనిపించే తెల్లటి చారలు రంగు పోవడం వల్ల గాక పోగు చీలడం వల్ల ఏర్పడినవి కాబట్టి, వాటిని ఏ రంగుతోనూ సరిదిద్దలేరు.

ఈ ప్రాంతపు ఇళ్లలో కనిపించే చీరల్లో ఒకే వస్త్రంలో రెండు రకాల పోగులు కలిసినవి ఎక్కువ. నదికి ఆవల తెలంగాణలోని గద్వాల చీరకు ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. సరిహద్దుకు ఆవల కర్ణాటకలోని ఇళకల్ చీరలో ఒంటి నిలువు పోగులను, కొంగు నిలువు పోగులను ఉచ్చులుగా ఒకదానిలో ఒకటి తగిలించి కలుపుతారు. వేడినీటిలో నూలు ఒక విధంగా, పట్టు మరొక విధంగా కుంచించుకొంటాయి కాబట్టి గద్వాల చీరను నూలుచీరగా భావించి నానబెడితే అంచు పక్కన ముడతలు పడతాయి. అతుకు ఉన్న చోట పట్టి లాగితే ఇళకల్ కొంగు వదులవుతుంది. రెండు పోగులు కలిసిన వస్త్రాన్ని వాటిలో బలహీనమైన పోగుకు తగినట్లు ఉతకాలన్నది మరువరాని సూత్రం.

చేతిలో ఉన్నది అసలు పట్టో కాదో సందేహం కలిగినప్పుడు చీర లోపలి అంచు నుంచి ఒక్క దారం తీసి కాల్చి చూడవచ్చు. పట్టుదారం వెంట్రుకలు కాలిన వాసనతో కాలి నలిపితే పొడి అయ్యే బూడిదను మిగులుస్తుంది. నూలు, రేయాన్ కాగితం కాలిన వాసనతో కాలుతాయి. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. కొనేటప్పుడే నిర్ధారించుకోదలచినవారికి కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో మొదలైన సిల్క్ మార్క్ చీటీ, చేనేతను మరమగ్గపు బట్ట నుంచి వేరు చేసేందుకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చీటీ తోడ్పడతాయి.

బోరునీరు, కాలువనీరు

పోగు తరువాత తెలుసుకోవలసినది నీరు. హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే ఊళ్లు కొన్ని ఉండగా, మిగిలినచోట్ల ఇంటి అవసరాలకు బోరునీరే ఆధారం. నేల పొరల గుండా దిగేటప్పుడు నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. ఈ లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని కఠినజలం అంటారు. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్ణయించిన ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం వరకు మేలు, వేరే నీరు దొరకనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చు; అయితే తాగడానికి పనికివచ్చే కాఠిన్యం కూడా పట్టు ఉతకడానికి ఎక్కువే.

సబ్బు కఠినజలంలో కరగక, కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిగా మారుతుంది. బకెట్టు అంచున పట్టే తెట్టు, ఉతికిన బట్ట ఆరాక బిరుసుగా ఉండటం, ముదురు రంగుల మీద బూడిద పూసినట్లు కనిపించే మబ్బుదనం ఈ మడ్డి వల్ల కలిగేవే. మడ్డి పట్టుపోగుల మధ్య చేరి మెరుపును కప్పివేస్తుంది, తరువాత ఎన్నిసార్లు జాడించినా సులభంగా వదలదు. నురగ రాలేదని మరింత సబ్బు వేయడంతో మడ్డి మరింత పెరుగుతుంది.

ఇంటి నీటి కాఠిన్యాన్ని అంచనా వేయడానికి ప్రయోగశాల అవసరం లేదు. మూతగల చిన్న సీసాలో సగం వరకు నీరు పోసి, స్నానపు సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా కుదిపినప్పుడు చిక్కటి నురగ నిలిచి నీరు తేటగా ఉంటే అది మృదుజలం. నురగ విరిగిపోయి నీరు పాలలా తెల్లబడితే అది కఠినజలం. వాననీరు మృదుజలం కాబట్టి, తొలి జల్లుకు డాబా మీది దుమ్ము కొట్టుకుపోయిన తరువాత పట్టిన నీటిని పట్టుబట్టల కోసం నిల్వ ఉంచుకోవడం మేలు. నీటిని మరగబెట్టి చల్లార్చి తేరుకున్న పైనీటిని వంచుకుంటే బైకార్బొనేట్ల వల్ల కలిగే తాత్కాలిక కాఠిన్యం తగ్గుతుంది. కాలువనీరు సాధారణంగా బోరునీటికన్నా మృదువైనదే గాని, దానిలోని సన్నని ఒండ్రు నేతలో చిక్కుకుంటుంది; కాబట్టి పటిక కొద్దిగా తిప్పి, ఒండ్రు అడుగుకు దిగాక, పైనున్న తేటనీటిని వాడాలి. ఇంట్లో నీటిశుద్ధి యంత్రం ఉన్నవారు అది వదిలివేసే వృథానీటిని సున్నిత వస్త్రాలకు ఉపయోగించకూడదు, ఎందుకంటే లవణాలన్నీ ఆ నీటిలోనే పోగవుతాయి. అదే యంత్రం నుంచి వచ్చే శుద్ధజలాన్ని పట్టుచీర చివరి జాడింపుకు వాడుకోవడం మాత్రం ఎంతో ఉపయోగకరం.

వేసవిలో ఈ ప్రాంతానికి మరొక సమస్య ఉంది. ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజుల్లో డాబా మీది ట్యాంకునుంచి మధ్యాహ్నం వచ్చే కుళాయినీరు పట్టుకు సరిపడే 30 డిగ్రీలకన్నా చాలా వేడిగా ఉంటుంది. అందువల్ల సున్నిత వస్త్రాలను తెల్లవారిన వెంటనే ఉతకడం, లేదా ముందురోజు రాత్రి పట్టిన నీటిని వాడటం అవసరం.

కుంకుడు, సబ్బు, సర్ఫు

మురికిని వదిలించే పదార్థాల్లో సబ్బు క్షారగుణం కలది. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే కొలమానమైన పీహెచ్ మీద తటస్థస్థానం 7 అయితే, బట్టలసబ్బు ద్రావణం 9 నుంచి 10 దాకా చేరుతుంది. సాధారణంగా సర్ఫు అని పిలిచే డిటర్జెంటు పొడుల్లో అంతకు మించిన క్షారంతోపాటు, తెలుపును పెంచి చూపే మెరుపురంగులు, చాలా రకాల్లో మరకలను విరగగొట్టే ఎంజైములు కూడా ఉంటాయి. ఎంజైములు ప్రాణుల శరీరాల్లో పనిచేసే మాంసకృత్తులే; వాటిలో ప్రొటియేజ్ అనే రకం రక్తం, పాలు, చెమట మరకల్లోని మాంసకృత్తులను కరిగిస్తుంది. పట్టూ ఉన్నీ కూడా మాంసకృత్తులే కాబట్టి, మరకకూ బట్టకూ తేడా తెలియని ఆ ఎంజైము రెండింటినీ కొరుకుతుంది. మెరుపురంగులు గోధుమ, వెన్న, లేత గంధపు రంగుల పట్టును పాలిపోయినట్లు మారుస్తాయి.

కుంకుడుకాయ ఈ చిక్కులన్నింటినీ తప్పిస్తుంది. దాని గుజ్జులోని సపోనిన్ అనే నురగనిచ్చే పదార్థం క్షారగుణం లేనిది, స్వల్పంగా ఆమ్లం వైపు మొగ్గేది; పైగా సబ్బులా కాల్షియంతో కలిసి మడ్డిగా మారదు. బోరునీరే దిక్కయిన ఊళ్లలో పాతతరం ఇల్లాళ్లు పట్టుబట్టలకు, నగలకు, తలకు కుంకుడురసాన్నే వాడటంలో అనుభవం నేర్పిన శాస్త్రం ఉంది. గుప్పెడు కాయలను గింజలు తీసి, రాత్రంతా నానబెట్టి లేదా కొద్దిసేపు మరిగించి, రసం చల్లారాక పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. వడకట్టకపోతే పొట్టు నేతలో చిక్కుతుంది. రసానికి లేత గోధుమరంగు ఉంటుంది కాబట్టి తెల్లపట్టుకు, పాలరంగు పట్టుకు అది పనికిరాదు. వాటికి ఉన్ని, పట్టుల కోసమే ప్రత్యేకంగా అమ్మే తటస్థ ద్రవాన్ని, అది లేనప్పుడు ఒక బకెట్టు నీటికి ఒక చెంచా తేలికపాటి షాంపూను వాడవచ్చు.

రజకవృత్తిలోని చవుడు ఉతుకు ఇందుకు భిన్నమైన విద్య. చవిటినేలల మీద తెల్లగా పేరుకొనే మట్టిలో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ వంటి క్షారలవణాలు ఉంటాయి. ఆ మట్టినీటిలో నానిన నూలుబట్టలను ఆవిరిమీద ఉడికించి, రేవులో బాది, ఎండలో ఆరవేస్తే జిడ్డు, మురికి, పసుపుదనం మూడూ విడిచేవి. నల్లజీడి గింజల రసంతో ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు వేసి, ఎన్ని ఉడుకులకైనా చెరగకుండా నిలపడం ఆ వృత్తిలోని మరొక నేర్పు. తెల్లనూలుకు అమృతతుల్యమైన ఈ పద్ధతి పట్టుకు విషతుల్యమని రజకులకు బాగా తెలుసు కాబట్టే, వారు పట్టుబట్టలను రేవుకు తీసుకుపోక విడిగా చూసుకునేవారు.

పట్టుచీర ఉతికే క్రమం

పట్టుచీరను కట్టిన ప్రతిసారీ ఉతకనవసరం లేదు. విప్పిన వెంటనే మడతపెట్టకుండా, నీడలో, గాలి ఆడే గదిలో కొన్ని గంటలు వేలాడదీసి చెమట ఆరనిచ్చి, మెత్తని నూలుగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. ఉతికే అవసరం వచ్చినప్పుడు మొదట రంగు పరీక్ష చేయాలి: చీర లోపలి భాగంలో ఒక మూలను తడిపి తెల్లగుడ్డ మీద అదిమినప్పుడు రంగు దిగితే, లేదా జరీ బరువుగా ఉంటే, దానిని నీటిలో ముంచకుండా డ్రైక్లీనింగుకు ఇవ్వడం మంచిది. పేరులో పొడితనం ఉన్నా డ్రైక్లీనింగు ద్రవంతో చేసే ఉతుకే. నీటికి బదులు పెర్‌క్లోరోఎథిలీన్ వంటి ద్రావణి జిడ్డును కరిగిస్తుంది, పోగు ఉబ్బకపోవడం వల్ల కుంచించుకోదు.

రంగు నిలిచే చీరను పెద్ద తొట్టిలో చల్లని మృదుజలం నింపి, ముందుగా వట్టినీటిలో ఒకసారి ముంచి దుమ్ము వదిలించిన తరువాత, కుంకుడురసం కలిపిన నీటిలో వేసి అరచేతులతో మెల్లగా అదమాలి. నానబెట్టడం రెండు మూడు నిమిషాలు మించకూడదు. తడిలో ఎక్కువసేపు ఉన్న పట్టులో అంచురంగు ఒంటికి పాకుతుంది. రుద్దడం, బాదడం, మెలిపెట్టడం మూడూ నిషిద్ధాలు. నీరు తేటగా వచ్చేదాకా జాడించిన తరువాత, జరీ లేని పట్టుకు చివరి బకెట్టులో రెండు చెంచాల తెల్లవెనిగర్ కలిపితే మిగిలిపోయిన క్షారం తటస్థమై మెరుపు తేలుతుంది, కొత్తపట్టుకు ఉండే గరగర శబ్దం కొంత తిరిగి వస్తుంది. జరీలోని రాగిని ఆమ్లం తినివేస్తుంది కాబట్టి జరీచీరలకు వెనిగర్ వాడకూడదు. నీరు తీయడానికి చీరను పొడి తువ్వాలు మీద పరచి, రెండింటినీ కలిపి చుట్టి అదిమితే తువ్వాలే తడిని పీల్చుకుంటుంది.

మంత్రాలయం పరిసరాల్లో మడికి పట్టుపంచె కట్టే ఆచారం ఇప్పటికీ బలంగా ఉంది. పూజకూ భోజనానికీ కట్టి, విప్పి దండెం మీద వేసే మడిపట్టుకు నూనె, నెయ్యి, చెమట కొద్దికొద్దిగా పడుతుంటాయి. నెలల తరబడి నిలిచిన చెమటలోని లవణాలు, ఆమ్లాలు నడుము దగ్గర పోగును కుళ్లబెడతాయి. ఆచారానికి భంగం లేకుండానే పక్షానికొకసారి వట్టి చల్లనీటిలో జాడించి, నెలకొకసారి కుంకుడురసంతో ఉతికితే మడిపట్టు ఆయుర్దాయం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కురుబలు దక్కను గొర్రెల ఉన్నితో నేసే కంబళి, ఊలు శాలువాలు మరొక జాతి. ఉన్ని వెంట్రుక పైభాగమంతా చేప పొలుసుల వంటి పొరలు ఉంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిసినప్పుడు ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని తిరిగి విడివడవు. అందువల్ల ఉన్నిని వాషింగ్ మెషిన్లో తిప్పితే అది దళసరిగా ముద్దకట్టి కుంచించుకుపోతుంది. ఉతుకుకూ జాడింపుకూ ఒకే ఉష్ణోగ్రత నీరు వాడి, తీగమీద వేలాడదీయకుండా చాప మీద పరచి ఆరబెట్టాలి.

నూలుకు గంజి, తెలుపుకు నీలి

ఎమ్మిగనూరు పంచెలు, సన్ననూలు చీరలు గంజితోనే నిండుతనం పొందుతాయి. పలుచగా వడకట్టిన అన్నపుగంజి నూలుపోగుల మీద సన్నని పొరగా ఏర్పడి నేతను నిలబెడుతుంది. తరువాతి ఉతుకులో ఆ పొరతోపాటే దానిమీది మురికీ తొలగిపోవడం గంజి చేసే రెండో మేలు. గంజి చిక్కబడితే మడతల దగ్గర పోగు విరుగుతుంది కాబట్టి పలుచదనమే ప్రాణం. నీలిమందు మురికిని తీయదు. పాతబడిన తెలుపులోని పసుపుఛాయను నీలిఛాయ కప్పి కంటికి తెల్లగా చూపిస్తుంది. దానిని బకెట్టు నీటిలో పూర్తిగా కలిపిన తరువాతనే బట్ట ముంచాలి, లేకపోతే చుక్కలు పడతాయి.

రంగు, మరక

కొత్తచీరను ఉప్పునీటిలో నానబెడితే రంగు కట్టుబడుతుందన్న నమ్మకం విస్తృతంగా ఉంది. ఉప్పు ఆ నీటిలోకి రంగు దిగడాన్ని కాస్త అణచగలదు గాని, అద్దకంలో బిగియని రంగును శాశ్వతంగా బంధించలేదు. రంగు నిలవడం అద్దకపు జాతిని బట్టి ఉంటుంది: 1956లో మార్కెట్టుకు వచ్చిన రియాక్టివ్ రంగులు నూలుపోగుతో రసాయనికంగా కలిసిపోతాయి, వ్యాట్ రంగులు పోగు లోపల నీటిలో కరగని రూపంలో స్థిరపడతాయి, డైరెక్ట్ రంగులు పోగును బలహీనంగా అంటిపెట్టుకొని ఉతికిన ప్రతిసారీ కొద్దికొద్దిగా దిగుతాయి. కొత్త ముదురురంగు బట్టను మొదటి రెండు మూడు ఉతుకుల్లో విడిగా చల్లనీటిలో ఉతకడమే సరైన జాగ్రత్త.

మరకల్లో ఈ ప్రాంతానికి ముఖ్యమైనది పసుపు. నలుగుపెట్టే వేళల్లోనూ, దేవరగట్టు మాళమల్లేశ్వరుని వంటి దేవతల కొలువుల్లోనూ బట్టలకు పసుపు అంటక తప్పదు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలినప్పుడు ఎర్రబడుతుంది, అందుకే పసుపుమరక మీద సబ్బు రాసిన వెంటనే అది నెత్తుటిరంగులోకి మారి గృహిణులను కంగారు పెడుతుంది. సబ్బు వదిలేదాకా జాడిస్తే మళ్లీ పసుపురంగుకు వస్తుంది. ఆ రంగును సూర్యకాంతి విరగగొడుతుంది కాబట్టి తెల్లనూలును ఉతికి తడిగానే ఎండలో ఆరవేస్తే ఒకటి రెండు రోజుల్లో మరక మాయమవుతుంది. పట్టుకు ఎండ వైద్యం పనికిరాదు. చల్లనీటితో వెంటనే అద్ది, మిగిలినది డ్రైక్లీనింగు నిపుణులకు అప్పగించాలి.

నూనె, నెయ్యి పడినప్పుడు నీరు తగలకముందే టాల్కం పొడినో, మెత్తని బియ్యప్పిండినో చల్లి కొన్ని గంటలు ఉంచి దులపాలి. రక్తం, పాలు, గుడ్డు మరకలకు చల్లనీరే వాడాలి, ఎందుకంటే వేడి మాంసకృత్తును గట్టిపరచి పోగుకు అతికిస్తుంది. ఏ మరకనైనా వెలుపలి నుంచి మధ్యకు అద్దాలి. మధ్యనుంచి రుద్దితే వలయం విస్తరిస్తుంది.

ఎండ, ఇస్త్రీ, మెషిన్

ఎండలోని అతినీలలోహిత కిరణాలు పట్టులోని కొన్ని అమైనో ఆమ్లాలను మార్చివేయడం వల్ల తెల్లపట్టు పసుపురంగుకు తిరుగుతుంది, పోగు పెళుసవుతుంది. ఈ ప్రాంతపు ఎండలో ఒక్క మధ్యాహ్నం కూడా పట్టుకు ఎక్కువే. నీడలో, చీరను తిరగవేసి, తుప్పుపట్టని వెడల్పు దండెం మీద ఆరబెట్టాలి. కొంచెం తడి మిగిలి ఉండగానే, లోపలివైపు నుంచి, పలుచని నూలుగుడ్డ అడ్డం వేసి ఇస్త్రీ చేయాలి. ఇస్త్రీపెట్టె గుర్తులో సుమారుగా ఒక చుక్క 110, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200 డిగ్రీల సెల్సియస్‌కు సూచనలు. పట్టుకు రెండు చుక్కలు మించరాదు, పాలిస్టర్ జార్జెట్‌కు ఒక చుక్క చాలు.

కుట్టిన దుస్తుల లోపల ఉండే చీటీ మీది గుర్తులు చాలా దేశాల్లో దాదాపు ఒక్కటే కాబట్టి వాటిని గుర్తుపెట్టుకోవడం మేలు: నీటితొట్టిలో చేయి ఉంటే చేత్తోనే ఉతకాలి, త్రికోణం మీద కొట్టివేత ఉంటే బ్లీచింగు వాడకూడదు, వృత్తం డ్రైక్లీనింగుకు, చతురస్రంలోని వృత్తం యంత్రంలో ఆరబెట్టడానికి సంబంధించినవి. మెషిన్లోనే వేయక తప్పనప్పుడు జార్జెట్, షిఫాన్, పూసల రవికెలను తిరగవేసి, వల సంచిలో పెట్టి, డెలికేట్ పద్ధతిని ఎంచుకొని, నీరుపిండే వేగాన్ని తగ్గించాలి.

పెట్టెలో దాచే తీరు

అసలు జరీలో పట్టుదారం చుట్టూ వెండితీగ చుట్టి, దానిమీద బంగారుపూత వేస్తారు. టెస్టెడ్ జరీలో వెండికి బదులు రాగి ఉంటుంది. చౌకరకాల్లో మెరుపుపూత పూసిన పాలిస్టర్ పట్టీ ఉంటుంది. గాలిలోని గంధకపు వాయువులు వెండిని నల్లబరుస్తాయి, తేమ రాగిని మసకబారుస్తుంది, అత్తరూ సుగంధద్రవాలూ రెండింటినీ పాడుచేస్తాయి. అందువల్ల సుగంధం జల్లుకొని ఆరిన తరువాతనే చీర కట్టాలి, జరీచీరను గంజి లేని పాత మల్లుగుడ్డలో చుట్టి దాచాలి. ప్లాస్టిక్ సంచి తేమను బంధిస్తుంది, ఇనుప హ్యాంగరు తుప్పు అంటిస్తుంది. మూడు నెలలకొకసారి చీరను విప్పి, గాలి తగలనిచ్చి, మడత మార్చకపోతే జరీ మడతగీత వెంబడే విరుగుతుంది.

ఉన్నిని, పట్టును బట్టపురుగులు తింటాయి; గంజిని వెండిచేప అనే పురుగు తింటుంది. కాబట్టి దీర్ఘకాలం దాచే నూలుచీరలను గంజి తీసివేసి, చెమట, నూనె ఏమాత్రం లేకుండా ఉతికి, పూర్తిగా ఆరిన తరువాతనే పెట్టెలో పెట్టాలి. నాఫ్తలీన్ గుండ్లు పురుగులను చంపుతాయి గాని, జరీకి తగిలితే మచ్చపడుతుంది, వాటి ఆవిరి మనుషులకూ హానికరం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నాఫ్తలీన్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది, జీ సిక్స్ పీడీ అనే ఎంజైము లోపమున్న శిశువులకు ఆ గుండ్లతో దాచిన బట్టలు తొడిగితే రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది. నీడలో ఎండబెట్టిన వేపాకు, లవంగాలు, వట్టివేరు పురుగును దూరంగా ఉంచేందుకు కొంత తోడ్పడతాయి. వాటిని గుడ్డమూటగా కట్టి, చీరకు తగలకుండా పెట్టెమూలల్లో ఉంచి, నాలుగైదు నెలలకొకసారి మార్చాలి.

నేత విలువను నిలిపే బాధ్యత

1905 ఆగస్టు 7న మొదలైన స్వదేశీ ఉద్యమ స్మృతిగా 2015 నుంచి ఏటా అదే రోజున జాతీయ చేనేత దినోత్సవం జరుగుతున్నది. ఆ సందర్భంలో చేనేతను కొనమని చెప్పే మాట ఎంత అవసరమో, కొన్నదానిని కాపాడుకునే తీరు చెప్పడమూ అంతే అవసరం. ఒక్క ఉతుకుతో చీర పాడైనవారు మరుసటి పండుగకు మరమగ్గపు పాలిస్టర్ వైపు మళ్లుతారు. ఆ నష్టం చివరకు మగ్గం ముందు కూర్చున్న కుటుంబానికే చేరుతుంది. అందువల్ల ఎమ్మిగనూరు, గద్వాల, ధర్మవరం వంటి కేంద్రాల సంఘాలూ, ఆదోని అంగళ్ల వ్యాపారులూ తాము అమ్మే ప్రతి చీరతో తెలుగులో, కన్నడం మాట్లాడే పల్లెలకు కన్నడంలో కూడా, పోగు ఏమిటి, జరీ ఏ రకం, రంగు నిలుస్తుందా, ఏ నీటిలో ఎలా ఉతకాలి అన్న నాలుగు సంగతులు అచ్చువేసిన చీటీని జతచేయడం న్యాయమైన కనీస ధర్మం. ఆ చీటీ అందేదాకా కొనేవారే ఆ నాలుగు ప్రశ్నలనూ అమ్మేవారిని అడిగి తెలుసుకొని, చీర వెంటే రాసి పెట్టుకోవాలి. అలా అడిగే అలవాటు పెరిగినప్పుడు అంగళ్లకు సమాధానం సిద్ధం చేసుకోవడం తప్పనిసరి అవుతుంది, కల్తీ జరీకీ కచ్చారంగుకూ చోటు తగ్గుతుంది, మంచి నేతకు తగిన గిరాకీ నిలుస్తుంది.